సున్నాలేసిన సారు

ఒంట్లో నొప్పి ఉందని చెప్పుకోవడానికి మా బద్వేలులో ఎవరూ సిగ్గుపడరు. అదొక హోదా. పెండ్లికి పోయి "నడుము పట్టేసింది" అంటే చాలు, ఫ్యాను కింద చేతుల కుర్చీ వేస్తారు, మజ్జిగ తెచ్చిస్తారు, పక్కనాయన తన మోకాలి చరిత్ర మొదలుపెడతాడు. అదే పెండ్లిలో "మనసేం బాగలేదబ్బా" అని చూడండి. మజ్జిగ రాదు. మీరు విస్తరి ముందు నుంచి లేచేలోపల మీ ఆస్తి తగాదాలు, మీ కోడలి నడవడి, మీ జాతకంలో శని అన్నీ విచారించి తీర్పు కూడా చెప్పేసి ఉంటారు. అందుకే తెలివైనవాడెవడైనా నడుమునొప్పినే ఎంచుకుంటాడు. నేను తెలివైనవాణ్ణి. నాకు జరిగిన అవమానాలన్నీ ఆ తెలివి వల్ల జరిగినవే.

నేను లెక్కల సారును. సర్వీసు రిజిస్టరు మూసి చేతిలో పెట్టి, శాలువా కప్పి పంపించినారు గానీ, ఎవడైనా తప్పు లెక్క వేస్తాంటే దిద్దే రోగాన్ని మాత్రం ఎవరూ దించలేదు. నడుము పోయింది కూడా లెక్క వల్లే. గ్యాసు సిలిండరు తెచ్చిన పిల్లోడు "సార్, మీరు పట్టుకోవద్దు, నేనే లోపల పెడతా" అన్నాడు. ఆ మాట నేరుగా నా వయసుకు తగిలింది. గ్యాసు 14.2 కిలోలు, ఇనుము ఇంకో పదిహేను, అంతా కలిపి ముప్పై కిలోలు, అదెంత పని అని వాడికి నోటిలెక్క చెప్పి మరీ ఎత్తినాను. లెక్క తప్పలేదు. నడుమే తప్పింది.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. తైలాలు, బెల్టులు, వేడినీళ్ళ సంచీలు, ఎవరో చెప్పిన పసర్లు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకే గానీ విరగని నడుముకు లేదని కూడా తెలుసుకున్నాను. చివరికి పెద్ద ఊర్లో, నొప్పులకే ప్రత్యేకంగా ఒక విభాగం ఉన్న ఆసుపత్రికి పోయినాను. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని అడగొద్దు. వాళ్ళ తప్పేం లేదు, ఉన్నదంతా నాదే.

డాక్టరు దగ్గరికి పంపించే ముందు అక్కడ పనిచేసే ఒక పాప వచ్చి, "అంకుల్, ఇది నింపియ్యండి" అని ఒక కాగితం, పెన్ను ఇచ్చింది. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉంటోందా, నిద్ర సరిగా పడుతోందా, నీరసంగా ఉందా, ఆకలి ఎట్లుంది, నేను పనికిరానివాణ్ణి అనిపిస్తోందా, ధ్యాస నిలుస్తోందా, కదలికలు మందగించాయా లేక నిలకడ లేకుండా ఉన్నాయా, చచ్చిపోతే బాగుండనిపిస్తోందా. లేదు అంటే సున్నా, దాదాపు రోజూ ఉంది అంటే మూడు. అన్నీ కలిపితే 27.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో కూడా చాలా రోజులు చెప్పలేదు. ముప్పై ఏండ్లు పరీక్ష హాళ్ళలో స్లిప్పులు పట్టినవాణ్ణి, జేబుల్లోంచి, చొక్కా చేతుల్లోంచి, చెప్పుల్లోంచి పట్టినవాణ్ణి, పక్క కుర్చీలో కూర్చున్నాయన కాగితంలోకి తొంగి చూసినాను. ఆయన దిగులు దగ్గర సున్నా పెట్టుకున్నాడు. చూస్తే నాకంటే బక్కగా ఉన్నాడు, చేతికర్ర కూడా ఉంది. అట్లాంటి మనిషికే దిగులు లేకుంటే నాకుంటుందా? నేనూ సున్నా వేసినాను. పనికిరానితనం దగ్గర సున్నా. చావు దగ్గర సున్నా, అది నిజమైన సున్నానే. ఆసక్తి దగ్గర మాత్రం, మరీ అన్నీ సున్నాలైతే అనుమానం వస్తుందని, సరదాకు ఒకటి పడేసినాను. కానీ నిద్ర, నీరసం, ఆకలి, ధ్యాస, కదలిక, ఈ ఐదింటి దగ్గర చేయి ధారాళంగా నడిచింది. మూడు, మూడు, రెండు, రెండు, మూడు. ఒంటి బాధకు మార్కులు వేయడానికి మనకు మొహమాటమేముంది?

పాప కూడి చూసింది. పద్నాలుగు. "పది దాటింది కదా అంకుల్, ఒకసారి పక్క గదిలో మానసిక వైద్యుణ్ణి కూడా కలిసి పోండి" అంది. మార్కులు ఎక్కువొచ్చినందుకు బాధపడడం నాకు జీవితంలో అదే మొదటిసారి. పక్క గది వైపు కూడా చూడకుండా, ఎవరైనా బద్వేలోళ్ళు ఉన్నారేమోనని నాలుగు పక్కలా చూసి, మందులు తీసుకుని బస్సెక్కినాను. నడుములో ఉన్న నొప్పిని తలలో ఉందంటారా? నాకు మెంటలా?

బస్సు మైదుకూరు దాటేలోపల నాకు జవాబు దొరికింది. తీసివేత. నిద్ర ఎందుకు పట్టదు? నడుము నొప్పి. నీరసం ఎందుకు? నిద్ర లేక. నిద్ర ఎందుకు లేదు? నడుము. ఆకలి? మాత్రలు. ధ్యాస? జివ్వుమంటాంటే పేపరు ఎవడు చదువుతాడు? కదలిక? నడుము పోయినోడు నెమ్మదిగా కాక పరుగెత్తుతాడా? ఐదు ప్రశ్నలూ నడుమువే. పద్నాలుగులో పదమూడు నడుముకు పోతే మిగిలింది ఒకటి. ఆ ఒకటి నేను సరదాకు వేసిందే. తప్పు నాది కాదు, కాగితానిది. ఆ క్షణంలో పొందిన ఆనందం సిలిండరు పైకెత్తిన క్షణంలో కూడా పొందలేదు.

బెంగుళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేసి ఈ కాగితం పుట్టుపూర్వోత్తరాలు పంపించమన్నాను. వాడు "డాక్టరు చెప్పింది చెయ్యి నాయనా" అన్నాడు. నేను వినలేదు. వాడు పంపినాడు. అందులో నన్ను ఇంకా చెడగొట్టే సంగతులు ఉన్నాయి.

ఆ కాగితం పేరు పీహెచ్‌క్యూ 9. స్పిట్జర్, క్రోంకీ, విలియమ్స్ అనే అమెరికా వాళ్ళు తయారుచేసినారు. 2001లో దాని బాగోగులు ప్రచురించినారు. 6000 మంది రోగులతో నింపించి, వాళ్ళలో 580 మందితో నిపుణుల చేత విడిగా మాట్లాడించి, కాగితం చెప్పింది, మనిషి చెప్పింది కలుస్తున్నాయా అని సరిచూసినారు. పది మార్కులను గీతగా పెడితే, డిప్రెషన్ ఉన్న వందమందిలో 88 మందిని కాగితం పట్టుకుంది, లేని వందమందిలో 88 మందిని వదిలిపెట్టింది. లెక్కల సారుగా నాకు ముచ్చటేసింది. కానీ వాళ్ళు మామూలు ఆసుపత్రులకు, స్త్రీల ఆసుపత్రులకు వచ్చినోళ్ళు. ఏండ్ల తరబడి నొప్పి పడేవాళ్ళనే ఏరి కూర్చోబెట్టి కాదు కదా! ఎవరి కోసం కుట్టిన చొక్కా ఎవరికి తొడుగుతున్నారు?

ఇంకా వెనక్కి పోతే 1943లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హాథవే, మెకిన్లీ అనే ఇద్దరు తయారుచేసిన మహా ప్రశ్నావళి ఉంది. ఐదొందలకు పైగా ప్రశ్నలు. నడుమునొప్పి మనిషి అందులో కూర్చుంటే మొదటి మూడు కొలతలు పైకి లేస్తాయి. ఎందుకంటే ఒళ్ళు ఎట్లుందని అడిగే ప్రశ్నలు వాటిలో దండిగా ఉన్నాయి. ఒంటి జబ్బు ప్రశ్నలు మనసు మార్కుల్లో కలిసిపోతాయన్న ఈ తగువు చదువుకున్నోళ్ళ మధ్య ఏండ్ల నుంచీ నడుస్తాంది. అంటే బస్సులో నాకు తోచింది నిజమే! ఇంతమంది పండితులకు తట్టింది మైదుకూరు రోడ్డులో నాకూ తట్టింది!

అదే మహా ప్రశ్నావళిలో ఇంకో కొలత కూడా ఉంది. మరీ మంచోళ్ళుగా కనపడాలని జవాబులు రాసేవాళ్ళను పట్టుకోవడానికి అక్కడక్కడ కొన్ని ప్రశ్నలు దాచిపెట్టినారు. అప్పుడప్పుడు కోపం వస్తుందా అంటే కూడా ఎన్నడూ రాదు అని రాసే మహానుభావుల కోసం. ఆ పేరా కూడా చదివినాను. చదివి పేజీ తిప్పినాను. మనకు సంబంధం లేని పాఠాలు వదిలెయ్యడం విద్యార్థి దశ నుంచి ఉన్న అలవాటే కదా.

ఇక్కడితో ఆగి ఉంటే నా మూర్ఖత్వం నా ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండేది. కానీ నాకు ప్రయోగం చేయాలనిపించింది. అమెరికా వాళ్ళు 6000 మందిని అడిగితే నేను బద్వేలును అడుగుతాను. తొమ్మిది ప్రశ్నలు నా చేత్తో తెలుగులో రాసి, పైన "నొప్పి పదికి ఎంత?" అని ఒక ప్రశ్న చేర్చి, నాలుగు రోడ్ల దగ్గర జెరాక్సు తీయించినాను. పోల్చి చూడడానికి నొప్పి లేనివాళ్ళు కూడా కావాలని అబ్బాయి పంపినదాంట్లో ఉంది. మా వీధిలో యాభై దాటి నొప్పి లేని మనిషి కోసం వెదికి వెదికి నాకే నొప్పి ఎక్కువైంది.

మొదటి ప్రశ్నకే లెక్క తప్పింది. "పదికి ఎంత?" అంటే, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన పెద్దాయన "పద్దెనిమిది" అన్నాడు. పది దాటకూడదు అన్నాను. "ఘాట్‌లో గేరు మార్చింది నువ్వా నేనా సార్?" అన్నాడు. గత రెండు వారాల్లో నిద్ర ఎట్లుంది అంటే కూరగాయలమ్మే ఆమె నవ్వింది: "రెండు వారాలంటే యాడ గుర్తుంటాది సామీ, ఇరవై ఏండ్ల నుంచి లేదు." నిద్ర పట్టడం లేదా లేక ఎక్కువ పోతున్నావా అంటే, "పగలు పోతా, రాత్రి పట్టదు, రెండూ ఏసుకో" అంది. పనుల మీద ఆసక్తి తగ్గిందా అని శనక్కాయలు ఒలిచే ముసలామెను అడిగితే, "ఆసక్తికి చేస్తామా నాయనా? కూలికి చేస్తాం" అంది. నా దగ్గర చదువుకుని ఇప్పుడు అంగడి పెట్టుకున్న పిల్లోడైతే, మెడ నొప్పితో తల తిప్పలేకపోయినా లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "మీకెంత కావాల సార్? అంత ఏసుకోండి."

అయినా నాకు బుద్ధి రాలేదు. ఇంట్లో వాళ్ళకు భారమైనానని అనిపిస్తాందా అని ఒక పెద్దామెను అడిగినాను. ఆమె నా వైపు కాక, పక్కన చీపురు పట్టుకుని నిలబడిన కోడలి వైపు చూసింది. "యాడిదబ్బా, బంగారంగా చూసుకుంటారు" అంది. నేను సున్నా వేసుకుని ఇంకో ఇంటికి పోయినాను. ఆ సున్నా ఎట్లా పుట్టిందో కండ్లారా చూసి కూడా, ఆసుపత్రిలో నా సున్నాలు ఎట్లా పుట్టినాయో గుర్తుకు రాలేదంటే చూడండి నా తెలివి.

ఈలోగా ఊర్లో ఏం జరిగిందంటే, "లెక్కల సారు నొప్పులు రాసుకుంటాండాడంట" అన్న మాట ఒక వీధి దాటేసరికి "సారు నొప్పులోళ్ళ పేర్లు రాసుకుంటాండాడంట" అయింది, చెరువు వైపు పోయేసరికి "నొప్పులోళ్ళకు పింఛనంట" అయింది. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6000 అయిన సంగతి మీకు తెలుసు. నలభై శాతం వైకల్యం ఉందని సదరం శిబిరంలో డాక్టర్లు రాసియ్యాలని కూడా మీకు తెలుసు. నొప్పికి శాతం ఎవరు రాస్తారు? ఇన్నాళ్ళకు ఒకడు ఇంటింటికీ వచ్చి రాస్తాండాడు!

తెల్లవారి పండ్లు తోముకుంటూ తలుపు తీస్తే వాకిట్లో జనం. ఆధార్ జెరాక్సులు, రేషన్ కార్డులు, పాస్‌పోర్టు ఫోటోలు. ఒకాయన ఎక్స్‌రే తీసి ఎండకు పట్టి చూపిస్తాండాడు. ఒకామె ఆటోలో వచ్చింది, ఆటోవాడు బాడుగ నన్ను అడుగుతాండాడు. నిన్న సాయంత్రం గ్రౌండులో వాలీబాల్ ఆడిన మొనగాడు ఈరోజు కుంటుతాండాడు. మా బామ్మర్ది, నా సొంత బామ్మర్ది, మోకాలికి గుడ్డ చుట్టుకుని వరసలో మూడోవాడు! టీ క్యాను సైకిలు కూడా వచ్చి నిలబడింది. "సార్, నాది పదికి పది ఏసుకో", "నాది ఇరవై", "నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, ఏమీ లేదు, అన్నీ మూడే". వార్డు సచివాలయం నుంచి ఒక పిల్లోడు వచ్చి, "ఇది ఏ స్కీము సార్? మా లాగిన్‌లో రాలేదే" అన్నాడు. స్కీము కాదు నాయనా, ప్రామాణికత పరిశీలన అన్నాను. వాడు రాసుకున్నాడు. నేను అరుగెక్కినాను. నోట్లో పేస్టు నురుగు, చేతిలో బ్రష్షు. "అయ్యా, అమ్మా, ఇది పింఛను కాదు, ఇది కేవలం మనసులో దిగులుందా లేదా అని..." అంటూ చేయి పైకెత్తినాను. అంతే. నడుము పట్టేసింది. ఎత్తిన చేయి ఎత్తినట్టే, వంగిన మనిషి వంగినట్టే. కింద నుంచి ముసలామె గొంతు: "ముందు సారుకే ఇయ్యాల పింఛను!"

వరసలో ఉన్న నొప్పులోళ్ళే నన్ను ఎత్తి మంచం మీద వేసినారు. ఎత్తినోళ్ళలో కుంటే మొనగాడు కూడా ఉన్నాడు, బాగా ఎత్తినాడు. శనక్కాయలు ఒలిచే ఆమె కొబ్బరినూనె తెచ్చి నడుము రుద్దింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మామూలుగా కాదు, ఎక్కిళ్ళు పెట్టి. "నొప్పి సారుకు ఎక్కువగా ఉన్నట్టుంది" అన్నారు. నేనూ అవునన్నాను. నిజం చెప్తాండా, ఆ ఏడుపు నడుముదో ఇంకొకదాందో నాకే తెలియలేదు. నా తొమ్మిది ప్రశ్నల కాగితం దాన్ని తేల్చలేదని ఊరంతా తిరిగి రుజువు చేయబోయినాను. చివరికి ఆ ఏడుపు ఏడ్చిన మనిషికే తెలియదని నా మంచం మీద రుజువైంది.

ఆ సాయంత్రం మా వీధి ఆశా వర్కరు వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లే, లెక్కల్లో మాత్రం అంతంత మాత్రం. "సార్, మీరడిగిన దాంట్లో రెండు ప్రశ్నలు మేమూ అడుగుతాం" అంది. అప్పటిదాకా నాకు తెలియదు! ముప్పై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు కోసం ఒక ఫారం నింపుతారు కదా, దాని చివర ఇవే రెండు ప్రశ్నలున్నాయి. ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా. ఆరుకు మూడు దాటితే పై వాళ్ళకు చూపించాలి. పశ్చిమ గోదావరి పల్లెల్లో అయితే ఆశాలకు ట్యాబులిచ్చి తొమ్మిది ప్రశ్నలూ అడిగించే ప్రయోగం చాలా ముందే జరిగింది. నేనేదో కనిపెట్టినాననుకుంటూ జెరాక్సు తీయిస్తాంటే, ఈ పిల్ల అదే ప్రశ్నలు పట్టుకుని ఇన్నాళ్ళుగా మా వీధిలోనే తిరుగుతాంది.

"ఎట్ల అడుగుతావు?" అన్నాను.

"అడగను సార్. కూర్చుంటా. ఎనుము పాలిస్తాందా, కువైట్ పోయిన కూతురు ఫోను చేస్తాందా, అవీ ఇవీ మాట్లాడతా. కోడలు నీళ్ళకు పోయినాక ఆమెకామే చెప్తాది. అప్పుడు రాసుకుంటా."

మా లంకమల అడవిలో కలివికోడి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1900లో కనపడిన పిట్ట ఆ తర్వాత లేకుండా పోయింది, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో దొరికింది. పెద్ద పెద్ద పక్షి శాస్త్రవేత్తలు వెదుకుతాంటే పట్టింది మాత్రం ఇక్కడి పిట్టలు పట్టే ఐతన్న, అదీ రాత్రిపూట దీపం వెలుగులో. మనుషుల దిగులు కూడా ఆ జాతిదే. పగలు, పదిమందిలో, జెరాక్సు కాగితం పట్టుకుని పోతే కనపడదు. లేదని రాసుకుని వచ్చేస్తాం.

"సరే, ఇప్పుడు మీరు చెప్పండి సార్" అంది ఆ పిల్ల. "రెండు వారాలుగా, ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటాందా?"

"సున్నా" అన్నాను.

వంటింట్లోంచి వచ్చింది: "మూడు!"

"దిగులుగా..."

"సున్నా."

"రెండేసుకో పాపా. ఆదివారం మనవడు ఫోను చేసిన రోజు తప్ప." మా ఆమె గరిటె పట్టుకుని గడప దగ్గరికొచ్చింది. "సాయంత్రం పూట టీ అంగడి దగ్గరికి పోయి పంచాయితీలు చేసేటోడు, రిటైరైన సంవత్సరం నుంచే పోవడం మానేసినాడు. అప్పటికి నడుము బాగానే ఉండింది. పిల్లలకు ట్యూషను చెప్పమంటే వద్దంటాడు. పేపరు తీసుకుని అదే పేజీ మధ్యాహ్నం దాకా పట్టుకుంటాడు. సిలిండరు ఎత్తింది మొన్న. ఇదంతా అంతకు ముందుది."

ఆసుపత్రుల్లో ప్రశ్నావళి నిజమా కాదా తేల్చాలంటే అనుభవమున్న మనిషి రోగితో విడిగా మాట్లాడి చెప్పినదానితో పోల్చి చూస్తారని చదివినాను కదా. అట్లాంటి మనిషి నలభై ఏండ్లుగా నాకు సంగటి పెడతాంది. నేను ఆమెను తప్ప ఊర్లో అందరినీ అడిగినాను. ఆరుకు అయిదు. లెక్కల్లో అంతంత మాత్రమన్న పిల్ల వేళ్ళ మీద కూడి చెప్పింది.

మీరు అనుకుంటున్నారు, ఇప్పటికైనా ఈయన తలొంచి ఉంటాడని. మీరు నన్ను తక్కువ అంచనా వేస్తున్నారు. మరుసటి సారి ఆసుపత్రికి ఫైలు కట్టుకుని పోయినాను. "మీ ఫారంలో ఐదు ప్రశ్నలు నొప్పివి సార్. మనసు మార్కుల్లో కలపడం అన్యాయం. ఒంటి ప్రశ్నలు లేని ఫారం ఉంటే తీయండి, రాస్తాను" అని డాక్టరుకే సవాలు విసిరినాను.

ఆయన నవ్వి సొరుగులోంచి ఒకటి తీసినాడు. హ్యాడ్స్ అంట. 1983లో ఇంగ్లండులో జిగ్మండ్, స్నెయిత్ అనే ఇద్దరు సరిగ్గా నా గోల తీర్చడానికే చేసినారు. ఒంటి జబ్బుతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళ కోసం తలనొప్పి, నిద్ర, నీరసం ఇట్లాంటివన్నీ తీసేసి రాసిన పద్నాలుగు ప్రశ్నలు. ఏడు ఆందోళనకు, ఏడు దిగులుకు. దేనిలోనైనా పదకొండు వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. నాకు నవ్వొచ్చింది, కాగితం లాక్కున్నాను. మొదటి ప్రశ్న చదివినాను, రెండోది చదివినాను. నడుము ఎక్కడా లేదు. నెపం వేయడానికి ఏమీ మిగల్లేదు. పక్క కుర్చీ వైపు చూసినాను, అలవాటు. ఈసారి అక్కడ మా ఆమె కూర్చుని ఉంది, నా కాగితంలోకి తొంగి చూస్తాంది.

దిగులుకు పన్నెండు.

డాక్టరు మర్యాదస్తుడు, ఎగతాళి చేయలేదు. "మీరు చెప్పిన లోపం నిజమే సార్. నొప్పి ఉన్నవాళ్ళకు ఆ ప్రశ్నల్లో మార్కులు ఎక్కువ పడతాయని మాకూ తెలుసు. అందుకే ఆ కాగితంతో మేం తీర్పు చెప్పం. ఎవరితో కూర్చుని మాట్లాడాలో తెలుసుకుంటాం. మీరు కాగితంతో వాదించినారు, మాట్లాడే గదికి మాత్రం పోలేదు" అన్నాడు. నొప్పి అధ్యయనానికి ఉన్న అంతర్జాతీయ సంఘం 1979లోనే నొప్పిని శరీరానుభవం, మనసు అనుభవం రెండూ కలిసిందిగా నిర్వచించిందనీ, 2020లో దిద్దినప్పుడు కూడా ఆ రెండింటినీ విడదీయలేదనీ చెప్పినాడు. నేను వెంటనే విడదీయబోయినాను, రోగం ముదిరింది కదా. ఆయన చీటీ రాసిచ్చినాడు. డ్యులోక్సెటిన్. ఇది నడుముకా, దిగులుకా అని అడిగినాను. "రెండింటికీ" అన్నాడు. బస్సులో నేను అంత సంబరంగా చేసిన తీసివేత అక్కడ చచ్చిపోయింది.

నేనొక్కణ్ణే ఇంత అమాయకుణ్ణని మీరు నవ్వుకోవద్దు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 80 మంది రోగులతో మాట్లాడి రఘురామ్, వైస్ తదితరులు 1996లో ఒక పరిశోధన ప్రచురించినారు. దిగులు ఎంత ఎక్కువగా బయటపడితే పరువు పోతుందన్న భయం అంత ఎక్కువగా ఉంది. ఒంటి బాధలు ఎక్కువగా చెప్పేవాళ్ళలో ఆ భయం తక్కువగా ఉంది. అది చదివి నాకు సగం బరువు దిగింది. పెండ్లిలో మజ్జిగ ఎవరికొస్తుందో బెంగుళూరు డాక్టర్లకు కూడా తెలుసన్నమాట! నడుము పేరు చెప్పి మనసును దాచుకునేవాళ్ళం ఇంతమంది ఉన్నాం. మీరు కూడా ఉన్నారు. మోకాలి మీద చేయి వేసుకుని చదువుతాండారు, నాకు కనపడతాంది.

అయితే ఒక్క సంగతి నవ్వకుండా చెప్పాలి. ఆ కాగితంలో చివరి ప్రశ్న ఉంది చూడండి, చచ్చిపోతే బాగుండనిపిస్తోందా అన్నది. మిగతా ఎనిమిదింటి దగ్గర పరువు కోసం ఎన్ని సున్నాలు వేసుకున్నా వేసుకోండి, ఆ ఒక్కదాని దగ్గర అబద్ధపు సున్నా వెయ్యొద్దు. డాక్టరుకు చెప్పడానికి నోరు రాకపోతే 14416కు ఫోను చేయండి. టెలిమానస్ అంటారు. పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు, ఊరి పేరు చెప్పినా బద్వేలులో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నేను పక్క గదికి పోతాండా. ఫిజియోథెరపీ పిల్ల చెప్పిన వ్యాయామాలు చేస్తాండా. టీ అంగడికి కూడా మళ్ళీ పోతాండా, అక్కడ నా కొత్త పేరు "పింఛను సారు". మా బామ్మర్ది ఇప్పటికీ కుంటుతాండాడు, ఎందుకైనా మంచిదని. నడుము పూర్తిగా తగ్గిందా అంటే తగ్గలేదు, పదికి నాలుగు. నిజమైన నాలుగు.

ఇదంతా రాసి, పంపించే ముందు మా ఆమెకు చదవడానికిచ్చినాను. ఎర్ర పెన్ను అడిగింది. మొదటి పేజీలోనే మూడు చోట్ల సున్నాలు కొట్టేసి పక్కన తన మార్కులు వేసింది. రెండో పేజీ చదువుతాంది. అది అయ్యేలోపల మీరు ఇది తీసేసుకోండి.